అప్‌గ్రేడా, ఫార్మాటా? పాత కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చే ముందు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు గడువు ఉంది. ఈలోగా విండోస్ 11కు మారాలనుకునేవారు ఉన్న విండోస్ మీదే అప్‌గ్రేడ్ నడపవచ్చు, లేదా డిస్క్ తుడిచేసి అంతా కొత్తగా ఎక్కించుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా అందరికీ తెలిసిన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, అమీర్‌పేట సందుల్లో గానీ రిపేరు కౌంటరు ముందు నిలబడితే "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్ది" అన్న సలహా రావడానికే ఎక్కువ అవకాశం. టెక్నీషియన్ వైపు నుంచి చూస్తే ఆ సలహాలో తప్పేమీ లేదు. ఫార్మాట్‌కు ఎంత సమయం పడుతుందో ముందే తెలుసు, ఫలితమూ తెలుసు. అప్‌గ్రేడ్ మధ్యలో ఏ డ్రైవర్ (ప్రింటర్, వైఫై వంటి భాగాలను నడిపే ప్రోగ్రాము) దగ్గర ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అయితే ఫార్మాట్ తర్వాత మిగిలే పని అంతా కంప్యూటర్ యజమాని నెత్తిన పడుతుంది. ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు ముందుగా తేల్చుకోవలసినది ఒకటే: ఆ కంప్యూటర్‌లో ఉన్నవాటిలో ఏవి మరోచోటి నుంచి తిరిగి తెచ్చుకోగలం, ఏవి అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు?

ఫార్మాట్ అలవాటుకు చరిత్ర ఉంది. విండోస్ 98, ఎక్స్‌పీ రోజుల్లో అప్‌గ్రేడ్ అంటే పాత విండోస్ ఫోల్డర్‌లోకే కొత్త ఫైళ్లను తెచ్చి పోయడం. ప్రోగ్రాములు పంచుకుని వాడే పాత డీఎల్ఎల్ ఫైళ్లు కొన్ని మిగిలేవి, కొత్తవి కొన్ని వాటితో పొసగక మొరాయించేవి, సెట్టింగులు నమోదయ్యే రిజిస్ట్రీ నిండా ఎప్పుడో తీసేసిన సాఫ్ట్‌వేర్ల ఆనవాళ్లు పేరుకుపోయేవి. అప్పట్లో ఏడాదికోసారి ఫార్మాట్ చేయడం నిజంగానే పనిచేసే వైద్యం. 2007లో వచ్చిన విస్టాతో ఇన్‌స్టలేషన్ పద్ధతి మారింది. ఇప్పటి అప్‌గ్రేడ్‌లో పాత విండోస్ మొత్తం పక్కకు జరిగి విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో చేరుతుంది, దాని స్థానంలో పూర్తిగా కొత్త వ్యవస్థ పరుచుకుంటుంది, ఆ తర్వాతే వాడుకరి ఫైళ్లు, సెట్టింగులు, ప్రోగ్రాములు, పనికొచ్చే డ్రైవర్లు అందులోకి బదిలీ అవుతాయి. కాబట్టి అప్‌గ్రేడ్ అయిన కంప్యూటర్‌లోని విండోస్ ఫైళ్లు ఫార్మాట్ చేసినదాంట్లో ఉన్నంత కొత్తవే. వెంట వచ్చే చెత్త ఏదైనా ఉంటే అది వాడుకరి వేసుకున్న ప్రోగ్రాములది, వాటి సర్వీసులది, స్టార్టప్ జాబితాలోకి దూరినవాటిది. దాన్ని ఫార్మాట్ లేకుండానే ఓపికగా తొలగించుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 2015లో విండోస్ 10 కొని, అప్‌డేట్లు ఆపకుండా వాడుతూ వచ్చినవారు తెలియకుండానే ఇప్పటికే ఎన్నోసార్లు అప్‌గ్రేడ్ అయి ఉంటారు. తొలి ఏళ్లలో ఆరునెలలకో, ఏడాదికో వచ్చిన పెద్ద అప్‌డేట్లు ప్రతిదీ లోపల జరిగే పూర్తి అప్‌గ్రేడే. విండోస్ 11లో 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ కూడా అలాంటిదే. ఇన్ని మార్పులు తట్టుకుని సవ్యంగా నడుస్తున్న కంప్యూటర్‌ను, పేరులో అంకె మారుతోందన్న ఒక్క కారణంతో తుడిచేయడం అర్థంలేని పని.

సిస్టమ్ స్లో అయిందన్నది ఫార్మాట్‌కు అందరూ చెప్పే కారణం. నెమ్మదించిన కంప్యూటర్లలో చాలావాటి అసలు జబ్బు విండోస్‌లో ఉండదు. తిరిగే హార్డ్‌డిస్క్ మీద విండోస్ 10 నడుస్తుంటే టాస్క్ మేనేజర్ తెరిచి చూడగానే డిస్క్ గడి నూరు శాతం దగ్గర కనిపిస్తుంది. ఆ డిస్క్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా కొన్ని వారాల ఊరట తప్ప మిగిలేదేమీ ఉండదు. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచేవారి పరిస్థితీ అంతే. హైదరాబాద్ ఎండల్లో, దుమ్ముపట్టిన ఫ్యాన్‌తో, ఎండిపోయిన థర్మల్ పేస్టుతో నడిచే ల్యాప్‌టాప్ వేడెక్కి తన ప్రాసెసర్ వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దానికి ఏ విండోస్ వేసినా ఒకటే. ముందు డిస్క్ ఆరోగ్యాన్ని, అది తన గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలతో చూసుకుని, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్), ర్యామ్, ఫ్యాన్ ఈ మూడింటి సంగతి తేల్చుకున్నాకే విండోస్ జోలికి వెళ్లడం మేలు.

అయితే కొన్ని సందర్భాల్లో ఎంపిక మన చేతిలో ఉండదు. విండోస్ 11లో 64 బిట్ రకమే ఉంది, పాత 32 బిట్ రకం లేదు. 32 బిట్ విండోస్ 10 నడుస్తున్న కంప్యూటర్‌ను, ప్రాసెసర్ అన్నివిధాలా అర్హమైనదైనా, తుడిచి ఎక్కించాల్సిందే. అలాంటిచోట పాత 16 బిట్ ప్రోగ్రాము ఏదైనా వాడుకలో ఉంటే అది 64 బిట్ విండోస్‌లో అసలు నడవదు కనుక, దానికి ప్రత్యామ్నాయం దొరికేదాకా ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నది ఉన్నట్టే ఉంచడం నయం. టీపీఎం 2.0 అనే భద్రతా వ్యవస్థ, సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, పాత బయోస్ స్థానంలో వచ్చిన సాఫ్ట్‌వేర్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, మొత్తమ్మీద ఇంటెల్ 8వ తరం లేదా దాని తర్వాతి ప్రాసెసర్ అన్నవి అధికారిక అర్హతలు. వీటిని దాటవేసే ఉపాయాలు ఉన్నా, అలా వేసిన కంప్యూటర్‌కు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఇక డిస్క్‌ను భాగాలుగా విభజించిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందన్న ఒక్క కారణంతో ఫార్మాట్ చేయనక్కర్లేదు. ఎంబీఆర్ టు జీపీటీ అనే సాధనం 2017 నుంచి విండోస్‌లోనే ఉంది, డేటా పోకుండా కొత్త జీపీటీ పద్ధతికి మారుస్తుంది. తర్వాత బయోస్ సెట్టింగుల్లో యూఈఎఫ్ఐకి మార్చుకుంటే సరిపోతుంది. ఆ సాధనం నడిపే ముందు బ్యాకప్ తీసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఫార్మాట్ తప్పనిసరి అయ్యే మరో సందర్భం, ఆ కంప్యూటర్‌ను ఇక నమ్మలేమని తేలినప్పుడు. వైరస్ సోకి, యాంటీవైరస్ కొంత తొలగించినా మిగతాది ఎక్కడ దాగిందో తెలియని స్థితిలో అప్‌గ్రేడ్ చేస్తే ఆ మాల్‌వేర్ కూడా ప్రోగ్రాములతో పాటు బదిలీ కావచ్చు. లైసెన్సు కొనకుండానే విండోస్‌ను యాక్టివేట్ అయినట్టు చూపించే దొంగ యాక్టివేటర్లతో నడిచే విండోస్ సంగతీ ఇంతే. అడ్మిన్ హక్కులతో ఎప్పుడో నడిపిన ఆ చిన్న ప్రోగ్రాము ఇంకేం చేసిందో చెప్పగలిగేవారు లేరు. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొంటే, అమ్మినవారు ఎంత మంచివారైనా, మొదటిరోజే తుడవాలి.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఇంకో మెలిక ఉంది. ఐటీ కంపెనీలు వాడి వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు ఈ నగరంలో విరివిగా దొరుకుతాయి. పాత కంపెనీ ఆ పరికరాన్ని ఆటోపైలట్ (కంపెనీలు తమ కంప్యూటర్లను దూరం నుంచే సిద్ధం చేసుకునే మైక్రోసాఫ్ట్ సేవ) జాబితా నుంచి తొలగించకపోతే, కొత్త విండోస్ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపగానే ఆ కంపెనీ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మళ్లీ అదే వస్తుంది, ఎందుకంటే ఆ నమోదు డిస్క్ మీద లేదు. హార్డ్‌వేర్ గుర్తింపు ఆధారంగా మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంది. కాబట్టి ఇలాంటి ల్యాప్‌టాప్‌ను కొనేముందు, డబ్బు చేతులు మారకముందే, అమ్మేవారి ఎదుటే ఒకసారి తుడిచి వైఫైకి కలిపి చూడటం మంచిది.

ఇక ఫార్మాట్‌కు అయ్యే అసలు ఖర్చు. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ ఎక్కడానికి అరగంట కూడా పట్టకపోవచ్చు. ఆ తర్వాత దాన్ని మళ్లీ పనికొచ్చే స్థితికి తెచ్చుకోవడానికి ఎంత పడుతుందో అందులో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది: "సి డ్రైవే కదా ఫార్మాట్ అయ్యేది, డేటా అంతా డి డ్రైవ్‌లో ఉంది." డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప సి డ్రైవ్‌లోనే ఉంటాయి. డెస్క్‌టాప్ మీద అడ్డదిడ్డంగా పేర్చుకున్న ఆధార్ స్కాన్లు, అద్దె ఒప్పందాలు, పిల్లల సర్టిఫికెట్లు సి డ్రైవ్‌లోనివే. వ్యాపార లెక్కలు రాసుకునే టాలీప్రైమ్ కూడా మామూలుగా తన డేటాను సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో, పబ్లిక్ అనే భాగం కింద దాచుకుంటుంది. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం కంప్యూటర్‌ను డి డ్రైవ్ భరోసాతో తుడిచేస్తే, పోయేది ఆ దుకాణం లెక్కలన్నీ.

టాలీ విషయంలో డేటాను కాపాడుకోవడంతో పని అయిపోదు. దాని లైసెన్సు ఆ కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది. తుడిచే ముందు దాన్ని సరెండర్ చేసి, కొత్త విండోస్‌లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. డిజిటల్ సంతకం టోకెన్‌కు అంత భయం లేదు, రహస్య కీ ఆ యూఎస్‌బీ పరికరంలోనే ఉంటుంది గనుక డ్రైవర్ మళ్లీ వేసుకుంటే చాలు. అవుట్‌లుక్ వాడేవారు మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైళ్లు ఎక్కడున్నాయో ముందే వెతికి పెట్టుకోవాలి. బ్రౌజర్ల మధ్య కూడా తేడా ఉంది: ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను కాపీ చేసి తిరిగి పెడితే పాస్‌వర్డ్‌లు కూడా వస్తాయి, క్రోమ్ ఫోల్డర్‌ను అలా కాపీ చేస్తే బుక్‌మార్కులు వస్తాయి కానీ పాస్‌వర్డ్‌లు రావు. క్రోమ్ వాటిని ఆ విండోస్ ఖాతాకే చెందిన కీతో తాళం వేసి ఉంచుతుంది. ఖాతా పోతే కీ పోయినట్టే. గూగుల్ ఖాతాతో సింక్ చేసుకోవడమో, ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమో తప్ప మరో మార్గం లేదు.

చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే) దుకాణాలకు ఈ లెక్క మరీ కఠినం. అక్కడ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చిన పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల్లో) లేవు. తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టి ఆ ఫాంట్లు తయారయ్యాయి. సరిగ్గా అదే ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సినచోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని సీడీ, సీరియల్ నంబరు ఈపాటికి ఏ సొరుగులో ఉన్నాయో యజమానికే గుర్తుండకపోవచ్చు. ఫాంట్ల ఫోల్డర్ కాపీ, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, లైసెన్సు వివరాలు చేతిలో లేని దుకాణం ఫార్మాట్ మాట ఎత్తకూడదు. అప్‌గ్రేడే దాని దారి, అదికూడా డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసే ఇమేజ్ బ్యాకప్ తీసుకున్నాకే.

అప్‌గ్రేడ్‌కు తన చిక్కులు తనకున్నాయి. మన మార్కెట్లో అమ్మే ల్యాప్‌టాప్‌లలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ ఉన్నవి ఎక్కువ. ఎక్కించే ఫైలు భాష, ఎడిషన్ ఉన్న విండోస్‌తో సరిపోలకపోతే "ఫైళ్లు, యాప్‌లు ఉంచు" అన్న ఎంపిక నొక్కడానికి వీలుకాకుండా మసకబారిపోతుంది. అమెరికన్ ఇంగ్లిష్‌కు, బ్రిటిష్ ఇంగ్లిష్‌కు కూడా ఈ పట్టింపు వర్తిస్తుంది. అది గమనించకుండా ముందుకు నొక్కుకుంటూ పోతే ఇన్‌స్టలేషన్ పూర్తవుతుంది, ప్రోగ్రాములు మాత్రం ఒక్కటీ మిగలవు. సగంలో ఆగి వెనక్కి వచ్చేసే అప్‌గ్రేడ్‌లో 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే ఎర్రర్ కనిపిస్తే చాలావరకు డ్రైవర్ సమస్యే. ప్రింటర్, పాత యాంటీవైరస్, అదనపు యూఎస్‌బీ పరికరాలు తీసేసి మళ్లీ ప్రయత్నించడం మొదటి అడుగు. సి డ్రైవ్‌లో కనీసం 20, 30 జీబీ ఖాళీ ఉంచాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద, ఈదురుగాలులకు కరెంటు పోయే మే నెల సాయంత్రాల్లో ఈ పనికి పూనుకోకూడదు.

మరోవైపు ఫార్మాట్‌లో ఎవరూ అంతగా పట్టించుకోని నష్టం లైసెన్సుది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలైన విండోస్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్‌ను తిరిగి వేస్తే ఇంటర్నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. టెక్నీషియన్ తన పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉన్న ప్రో ఎడిషన్ వేసి, అది యాక్టివేట్ కాకపోయేసరికి దొంగ యాక్టివేటర్ నడిపి చేతికిస్తే, డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్సు ఉన్న ల్యాప్‌టాప్ కాస్తా దొంగ విండోస్‌తో ఇంటికి చేరుతుంది. కాబట్టి రిపేరుకు ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లో ఎబౌట్ పేజీ తెరిచి ఎడిషన్ పేరు ఫొటో తీసుకుని, తిరిగి తీసుకునేటప్పుడు అదే పేరు ఉందో లేదో చూసుకోవాలి. విండోస్ 7, 8 నాటి పాత కీలతో యాక్టివేట్ చేసుకునే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో తీసేసింది; ఆ కీ ఉందన్న ధైర్యంతో కొత్త ఇన్‌స్టలేషన్‌కు దిగకూడదు.

డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దాని రూపమే అయిన డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ మాత్రమే తుడిచి ఎక్కిస్తే, డి డ్రైవ్ కొత్త విండోస్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతాను ఎవరి ఈమెయిల్‌తో, ఏ ఫోన్ నంబరుతో తెరిచారో మరచిపోయి ఉంటే మాత్రం ఆ డేటాను తిరిగి తెచ్చే మార్గం లేదు. 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కించుకున్న అనేక కంప్యూటర్లలో ఈ ఎన్‌క్రిప్షన్ అడగకుండానే మొదలవుతుంది, అప్‌గ్రేడ్‌లో అలా జరగదు. ఫార్మాట్ చేయించుకున్నవారికి తమ డిస్క్‌కు తాళం పడిందన్న సంగతి మరోసారి ఫార్మాట్ చేసేదాకా తెలియకపోవచ్చు.

ఈ రెండింటి మధ్య ఇంకో రెండు దారులున్నాయి, వాటిని కౌంటరు దగ్గర ఎవరూ ప్రస్తావించరు. విండోస్ దెబ్బతిని వింతగా ప్రవర్తిస్తుంటే, అదే వెర్షన్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టలేషన్ డిస్క్ కాపీని) నడుస్తున్న విండోస్‌లోంచే తెరిచి సెటప్ నడపవచ్చు. సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్తవి అవుతాయి, ప్రోగ్రాములు, ఫైళ్లు అలాగే ఉంటాయి. సాధారణంగా ఫార్మాట్‌కు దారితీసే ఫిర్యాదుల్లో ఎన్నో దీనితోనే తీరిపోతాయి. రెండోది, కొత్త ఎస్ఎస్‌డీ కొని దాని మీద తాజాగా ఎక్కించి, పాత డిస్క్‌ను తుడవకుండా పక్కన పెట్టుకోవడం. ఒక చిన్న యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో బిగిస్తే ఆ పాత డిస్క్ పెన్‌డ్రైవ్‌లా పనిచేస్తుంది, మరచిపోయిన ఫైలు మూడు నెలల తర్వాత గుర్తొచ్చినా దొరుకుతుంది. తాజా ఇన్‌స్టలేషన్ వల్ల కలిగే మేలు మొత్తం దక్కి, నష్టం దాదాపు లేని మార్గం ఇదొక్కటే. ఇక్కడ ఒక జాగ్రత్త: 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ సెటప్‌కు ఎస్ఎస్‌డీ అసలు కనిపించదు. ఎస్ఎస్‌డీ పాడైందనుకుని మార్చక్కర్లేదు. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి సెటప్‌లో లోడ్ చేస్తే కనిపిస్తుంది. వైఫై డ్రైవర్ లేక సెటప్ ముందుకు కదలకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే పని గడుస్తుంది.

లినక్స్ వాడేవారికి లెక్క కొంత వేరు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే) వెర్షన్లు రెండేళ్లకోసారి వస్తాయి, ఒకదాన్ని దాటేసి తర్వాతిదానికి నేరుగా దూకడానికి వీల్లేదు; 20.04 నుంచి 24.04కు రావాలంటే మధ్యలో 22.04 మెట్టు ఎక్కాల్సిందే. బయటి పీపీఏల (ఉబుంటు అధికారికం కాని సాఫ్ట్‌వేర్ నిల్వల) నుంచి వేసిన ప్యాకేజీలు ఎన్ని ఎక్కువుంటే అప్‌గ్రేడ్ అంతగా తడబడుతుంది. సొంత ఫైళ్లుండే హోమ్ విభాగాన్ని విడిగా పెట్టుకున్నవారు తాజాగా వేసుకున్నా పెద్దగా కోల్పోయేదేమీ ఉండదు కనుక, రెండు మెట్లు వెనకబడిన ఉబుంటుకు కొత్త ఇన్‌స్టలేషనే తేలిక. మాక్‌లలో ఈ చర్చకే పెద్దగా తావు లేదు: 2019 నుంచి సిస్టమ్ భాగం వాడుకరి డేటా నుంచి విడిపోయింది, 2020 నుంచి దాన్ని ఎవరూ మార్చకుండా డిజిటల్ ముద్ర కూడా పడింది.

విండోస్‌లో అప్‌గ్రేడ్‌కే మొగ్గినవారు చివరగా చూసుకోవలసింది తేదీలు. అప్‌గ్రేడ్ తర్వాత పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే వీలు పది రోజులే. ఆ తర్వాత విండోస్.ఓల్డ్ ఫోల్డర్ తనంతట తానే తొలగిపోతుంది. ఈ పదిరోజుల్లో డిస్క్ క్లీనప్ నడిపి ఆ ఫోల్డర్‌ను చేజేతులా తీసేసేవారూ ఉన్నారు. దుకాణాలకు, చిన్న ఆఫీసులకు పదిరోజులు చాలవు. ప్రతినెలా జీఎస్‌టీ రిటర్నులు వేసేవారికి జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీ గడువు 20వ తేదీ. 21న అప్‌గ్రేడ్ చేసి, సంతకం టోకెన్ కొత్త విండోస్‌లో పనిచేయడం లేదని మరుసటి నెల 11న తెలుసుకుంటే అప్పటికి వెనక్కి దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ గడువును 60 రోజుల వరకు పెంచే ఆదేశం విండోస్‌లోని డిస్మ్ అనే కమాండ్ సాధనంలో ఉంది, దాన్ని అప్‌గ్రేడ్ అయిన రోజే అడ్మిన్ హక్కులతో ఒకసారి నడపాలి. అదే రోజు ఒక పాత ఇన్వాయిస్‌ను ప్రింటు తీసి, టాలీలో ఒక కంపెనీ తెరిచి, పోర్టల్‌లో లాగిన్ అయి టోకెన్‌ను కూడా పరీక్షించి చూస్తే ఏవి పనిచేస్తున్నాయో, ఏవి లేదో సాయంత్రానికల్లా తేలిపోతుంది.